ఆరో రీలు చివర

సినిమా మూడింటికని చెబితే ఆడపడుచు రెండింటికే వచ్చి సోఫాలో నడిమి సీటు పట్టేసింది.

"ఆలస్యమైతే మా నర్సమ్మ వచ్చి వెళ్ళిపోతుందేమోనని భయం వేసింది వదినా," అంటూ కిసుక్కున నవ్వింది.

వదిన నవ్వలేదు. టీ ఇచ్చింది, కప్పు కింద సాసరు కూడా పెట్టి మరీ ఇచ్చింది, పరాయివాళ్ళకి ఇచ్చినట్టు.

నర్సమ్మ ఆవిడ అసలు పేరేం కాదు. పెళ్ళికి ముందు ఒక్కటంటే ఒక్క సినిమాలో నర్సు వేషం వేసింది. వేషమంటే మరీ అంత ఇదేం కాదు. తలుపు తీసి, "డాక్టరుగారు లోపలున్నారు, రండి" అనాలి. అంతే. ఆ సినిమా వారం తిరక్కుండానే ఎత్తేశారు. ఆవిడ చూడటానికి వెళ్ళేసరికి హాలు ముందు బోర్డు మారిపోయింది. తర్వాత క్యాసెట్ల కాలం వచ్చింది, క్యాసెట్టు రాలేదు. టీవీల కాలం వచ్చింది, టీవీలో వెయ్యలేదు. ఉన్న సాక్షి ఒక్కడే, మొగుడు. అతను సినిమాహాల్లో ఆపరేటరు.

"నా మిషను మీద నేనే వేశాను, రోజుకి నాలుగాటలు. కళ్ళారా చూశాను," అని అతను అన్నప్పుడల్లా చెల్లెలు, "అవును మరి, నువ్వు చూడకపోతే ఇంకెవరు చూస్తారన్నయ్యా," అనేది. ఆ అనడం ఉంది చూశారూ, నలభై ఏళ్ళుగా వదిన గుండెల్లో ముల్లులా ఉండిపోయింది.

ఇన్నాళ్ళకి ఆ స్టూడియో వాళ్ళే, ఎక్కడా దొరకని తమ పాత సినిమాలు పది ఏరి, దుమ్ము దులిపి డిస్కులుగా వదిలారు. పది సినిమాల్లో ఇది ఏడోది. అట్టపెట్టె మీద 'పూర్తి నిడివి' అని ఎర్రటి అక్షరాలు. డిస్కు వచ్చి మూడు రోజులైంది. ఆవిడ చూడలేదు, అతన్ని చూడనివ్వలేదు. "అందరితో పాటే చూద్దాం. మీ చెల్లెలు లేకుండా చూస్తే నాకు చూసినట్టుండదు," అంది.

మూడయ్యేసరికి మేడ మీది టైలరూ, ఆయన భార్యా కూడా వచ్చారు. ఆపరేటరు కిటికీలకి దుప్పట్లు కట్టాడు. డిస్కుని అంచులు పట్టుకుని తీసి, వెలుతురులో ఒకసారి తిప్పి చూసి, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడిచి, ట్రేలో పెట్టాడు. కుర్చీ ఇస్తే కూర్చోలేదు. సినిమా మొదలైతే నిలబడే ఉండటం అతనికి అలవాటు.

బొమ్మ తళతళలాడుతోంది. ఒక గీత లేదు, ఒక మచ్చ లేదు. "అబ్బ, నిన్న తీసినట్టుందే!" అన్నాడు టైలరు. ఆపరేటరుకి మాత్రం ఏదో వెలితిగా ఉంది. రీలు మారే చోట్ల, ఆపరేటరుకి గుర్తుగా, తెర కుడి పై మూల చుక్కలు పడాలి. వాటిని కూడా తుడిచేశారు. అయినా అతని కాలు తనంతట తనే ఒక అడుగు పక్కకి వేస్తోంది, రెండో మిషను అక్కడ ఉన్నట్టు.

"ఇప్పుడు కాదు, ఇంకా ఉంది," అంటోంది భార్య, ఎవరూ అడక్కుండానే. ఆవిడ ఇస్త్రీ బట్టలు కట్టుకుంది. జుట్టుకి కొద్దిగా నలుపు కూడా వేసుకుంది.

హీరో దెబ్బలు తగిలిన తమ్ముణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రికి వచ్చాడు. పొడుగాటి వరండా. బెంచీ మీద తమ్ముణ్ణి పడుకోబెట్టాడు. ఒక తలుపు ముందు ఆగాడు. ఆవిడ సోఫా అంచుకి జరిగింది. "ఇదిగో, ఇదే తలుపు," అంది. హీరో తలుపు తట్టాడు. తలుపు కదిలింది, బెత్తెడు తెరుచుకుంది.

హీరో బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. బయట చెట్లు వెనక్కి పోతున్నాయి.

"వచ్చేసిందా?" అన్నాడు టైలరు, పాపం, నిజంగానే అర్థం కాక. ఆయన భార్య మోచేత్తో పొడిచింది. ఆపరేటరు వెనక్కి తిప్పి మళ్ళీ వేశాడు. తలుపు, బెత్తెడు, బస్సు. మళ్ళీ తిప్పాడు. తలుపు, బెత్తెడు, బస్సు. నాలుగోసారి రిమోటు ఎత్తబోతే భార్య, "చాలు లెండి," అంది.

"పోనీలే వదినా," అంది ఆడపడుచు. ఆవిడ గొంతులో వెటకారం లేదు. జాలి ఉంది. దాన్ని తట్టుకోవడమే కష్టమైంది. "సినిమావాళ్ళు వందమందిని తీస్తారు, పదిమందిని పెడతారు. నీ తప్పేముంది?" తర్వాత అన్నయ్య వైపు తిరిగింది. "కానీ అన్నయ్యా, నువ్వు కళ్ళారా చూశానన్నావే?"

"చూశానే! ఇప్పుడూ అదే చెప్తున్నా!" ఆపరేటరు ఒంటికాలి మీద లేచాడు. "కోసేశారు దొంగవెధవలు! పూర్తి నిడివిట, పూర్తి నిడివి! రేపే వెళ్ళి కడిగేస్తాను వాళ్ళని!"

భార్య లేచి కిటికీ దుప్పట్లు విప్పడం మొదలుపెట్టింది. సినిమా ఇంకా నడుస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున ఆవిడ చిక్కుళ్ళు వలుస్తూ కూర్చుంది. ఈనె తీసి, విరిచి, గిన్నెలో వెయ్యడం, మళ్ళీ ఇంకోటి. అతను చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. రాత్రంతా ఉడికిన కోపం పొద్దుటికి చల్లారిపోయింది. ఇప్పుడు వెళ్ళడానికి కాళ్ళు రావడం లేదు.

"వెళ్ళాలంటావా?"

"వెళ్ళండి. గొడవ పెట్టుకోకండి. ఎందుకు తీసేశారో అడగండి, చాలు." ఇంకో చిక్కుడుకాయ విరిచింది. "ఒకవేళ నేను బాగా చెయ్యలేదని తీసేస్తే, అదైనా చెప్పమనండి. నేనేం అనుకోను."

"నువ్వు బాగా చెయ్యకపోవడమేంటి!"

"మీరు చూశారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈపాటికి నాకే అనుమానం వచ్చేది, అసలు చేశానా అని," అందావిడ.

అతను చెప్పులు ఈడ్చుకుంటూ బయటపడ్డాడు.

చూశాడా? ఎక్కడ చూశాడు! ఆ సినిమాని అతను డెబ్భై ఎనభై ఆటలు వేసి ఉంటాడు. వేరే సినిమా రాని వారాల్లో యజమాని దాన్నే తెప్పించేవాడు, మూడుసార్లు తెప్పించాడు. కానీ ఆవిడ వచ్చేది ఆరో రీలు చివర. రీలు చివరికొచ్చిందంటే ఆపరేటరు బొమ్మ చూడడు. తర్వాతి రీలున్న రెండో మిషను దగ్గర చెయ్యి పెట్టుకుని, కళ్ళార్పకుండా, తెర కుడి పై మూల చుక్క ఎప్పుడు పడుతుందా అని చూస్తాడు. మొదటి చుక్కకి ఆ మిషను మోటారు వెయ్యాలి, రెండో చుక్కకి బొమ్మని దాని మీదికి మార్చాలి. కింద తెర మీద నర్సు వచ్చిందా, నాట్యం జరిగిందా, అతనికేం తెలుసు?

పెళ్ళయిన కొత్తలో ఆవిడ సిగ్గుపడుతూ ఆ సినిమా సంగతి చెప్పింది. అతను మురిసిపోయి, "అయ్యో, నిన్ను నేను అప్పుడే చూశాను!" అనేశాడు. అప్పటికే హాలు మారిపోయాడు, మళ్ళీ వేసి చూసే వీలు లేదు. ఒకసారి అన్న మాట మళ్ళీ వెనక్కెలా తీసుకుంటాడు?

స్టూడియోలో కింది అంతస్తువాడు మీది అంతస్తుకి పంపాడు. మీదివాడు, "అమ్మకాల సంగతులైతే మేం, సినిమాలో సంగతులైతే వెనక గది," అన్నాడు. వెనక గది తలుపు తీసేసరికి చల్లగాలి మొహానికి కొట్టింది. దాంతో పాటే పుల్లటి వాసన. పాడైపోతున్న ఫిల్ము వాసన. ఆపరేటరుకి ఆ వాసన తగిలి పదిహేనేళ్ళయింది. కోపంగా అడగాలనుకున్న మొదటి మాట మరిచిపోయాడు.

లోపల ఒకావిడ తెల్లటి గ్లౌజులు వేసుకుని బల్ల మీద రీలు చుడుతోంది. నలభై అయిదేళ్ళుంటాయి. కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడుతోంది. పాత ఫిల్ముల్ని కంప్యూటర్లోకి ఎక్కించి మచ్చలు తుడిచేది ఆవిడే.

అతను అట్టపెట్టె బల్ల మీద పెట్టి, ఎర్రటి అక్షరాల మీద వేలితో కొట్టాడు. "ఇది ఎవరు రాశారమ్మా?"

"ఏమైంది బాబాయిగారూ?"

చెప్పాడు. తలుపు, బెత్తెడు, బస్సు. మా ఆవిడ. డాక్టరుగారు లోపలున్నారు, రండి. చెబుతూంటే గొంతు పెరిగింది. "ఎందుకు కోశారు? ఎవరిని అడిగి కోశారు?"

ఆవిడ మొత్తం విని, చేతిలో రీలు పక్కన పెట్టింది. "కూర్చోండి. మేం కొయ్యలేదు బాబాయిగారూ. నెగటివు ఎప్పుడో పాడైపోయింది. ప్రపంచం మొత్తం మీద ఒక్కటే ప్రింటు దొరికింది, మూతపడిన సినిమాహాలు గోడౌన్లో. ప్రింట్లు పంచే డిస్ట్రిబ్యూటర్లు దుకాణం ఎత్తేశాక రీళ్ళ డబ్బాలు అక్కడే ఉండిపోయాయట. దొరికిందంతా ఎక్కించాం. పూర్తి నిడివి అన్నది అమ్మేవాళ్ళ మాట. నేను వద్దని చెప్పాను, నా మాట ఎవరు వింటారు?"

"ఏ హాలు?"

ఆవిడ హాలు పేరు చెప్పింది. అతను పక్కనున్న కుర్చీ వెనక భాగం పట్టుకున్నాడు.

"చూడండి, శుభ్రం చెయ్యకముందుది చూపిస్తా." ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కంప్యూటర్లో ఏదో నొక్కింది. గీతలతో, మచ్చలతో అదే వరండా వచ్చింది. అదే బెంచీ. ఒక్కో బొమ్మా ఆపి ఆపి నడిపించింది. "ఇదిగో, కుడి మూల గుండ్రటి చుక్క, మొదటిది, ఇది ల్యాబులో పెట్టింది. ఈ చుక్క నుంచి రీలు చివరికి పన్నెండడుగుల ఫిల్ముండాలి. ఇక్కడ అయిదే ఉంది. ఏడడుగులు పోయింది. ఎవరు తీసేశారో కూడా కనబడుతోంది, ఇటు చూడండి."

చుక్కకి ఇవతల, అదే మూల, మూడు పలకల చిల్లు ఒకటి. ఇంకాస్త ముందుకెళ్తే మరోటి. ఆ ముందు మరోటి. మొత్తం మూడు.

"చివర చిరిగినప్పుడల్లా ఆపరేటరు కొంత కోసేసి, పాత చుక్కకి బదులు ముందుగా కొత్త చిల్లు కొట్టుకున్నాడు. మూడుసార్లు కోశాడు. అందరూ మేకుతో గీకేవాళ్ళు, ఇతను మాత్రం ఎంత నీటుగా కొట్టాడో చూడండి! ఇలా మూడు మూలల చిల్లు నేనింకెక్కడా చూడలేదు. పనిమంతుడు. వీటిని తుడిచేసరికి నా ప్రాణం పోయింది."

గొడుగు ఊచ ముక్కని ఆకురాయితో మూడు పలకలుగా అరగదీసి చిల్లులు కొట్టే ఆ పంచి తయారుచేసుకోడానికి అతనికి ఒక ఆదివారం మొత్తం పట్టింది. గుండ్రటి చుక్క దుమ్ము మచ్చల్లో కలిసిపోతుంది, మూడు పలకలదైతే ఎక్కడున్నా కంటికి ఆనుతుంది. అలా అని తోటి ఆపరేటర్లకి గొప్పగా చెప్పుకునేవాడు. ఎవరూ నేర్చుకోలేదు. చివరి గజం నమ్మకూడదని, చిరుగు కనబడితే జానెడు ఎక్కువే కొయ్యాలని, ఆటలో ఫిల్ము తెగిందన్న పేరు తనకి రాకూడదని, కోసేవాడు. అతని హాల్లో ఎప్పుడూ తెగలేదు కూడా.

"అది నా పనేనమ్మా," అన్నాడు.

ఆవిడ కళ్ళజోడు తీసి అతని వైపు చూసింది. "అందరూ అలాగే చేసేవాళ్ళు లెండి," అంది. తర్వాత, "కోసిన ముక్కలేం చేసేవారు?" అనడిగింది ఆశగా.

"చెత్తలో."

ఏడడుగులంటే అయిదు సెకన్లకి కాస్త తక్కువ. డాక్టరుగారు లోపలున్నారు, రండి. మనసులో అనుకుని చూశాడు. సరిపోతుంది. మళ్ళీ అనుకున్నాడు. సరిపోతోంది. కానీ ఆ ఏడడుగుల్లో ఇంకేదైనా ఉండొచ్చు కూడా. ఉత్త గోడ ఉండొచ్చు. ఇంకో నర్సు ఉండొచ్చు.

"అమ్మా, ఫిల్ము మీద శబ్దం దాని బొమ్మకంటే ఇరవై ఫ్రేములు ముందుంటుంది కదా! బొమ్మ పోయినా, ఆ తర్వాతి శబ్దం కొంచెం మిగిలి ఉంటుందేమో, వినిపిస్తావా?"

ఆవిడకి ఆ మాట నచ్చింది. గబగబా వెతికి, శబ్దం పెంచి వినిపించింది. ఒక సెకను కూడా లేదు. తలుపు కిర్రుమంది. మళ్ళీ వినిపించింది. తలుపు చప్పుడు తప్ప ఏమీ లేదు.

"పోనీ, మీరు చూశారు కదా బాబాయిగారూ. ఆ ఏడడుగుల్లో ఏముందో చెప్పండి, రాసిపెట్టుకుంటాను. ఇలాంటివి ఒక పుస్తకంలో రాసుకుంటాం మేం." పెన్ను తీసింది. "ఆవిడ ఎటువైపు నుంచి వస్తుంది? టోపీ ఉందా?"

అతను పెన్ను వైపే చూస్తూ నిలబడ్డాడు. "నేను చూడలేదమ్మా," అన్నాడు. నలభై ఏళ్ళలో మొదటిసారి ఆ మాట పైకి అన్నాడు. "చుక్క కోసం మూల చూస్తూంటాం. నీకు తెలుసు కదా."

"తెలుసు," అని ఆవిడ పెన్నుకి మూత పెట్టేసింది.

బస్సులో నిలబడి వస్తూ ఆపరేటరు చెప్పవలసినవి వరసగా పెట్టుకున్నాడు. రెండే రెండు ముక్కలు. ఒకటి, కోసింది నేనే. రెండు, నిన్ను నేనసలు చూడలేదు. ముందు మొదటిది చెప్పాలి. అది విని ఆవిడ ఏడిస్తే ఏడవనిచ్చి, తర్వాత రెండోది చెప్పాలి. ఈ రోజు చెప్పకపోతే ఇంక ఈ జన్మలో చెప్పలేడు. దిగాల్సిన స్టాపు ఒకటి దాటిపోయి, వెనక్కి నడిచి వచ్చాడు. నడుస్తున్నంతసేపూ పెదాలు కదుపుతూనే ఉన్నాడు.

ఆవిడ వాకిట్లోనే ఉంది. అతని మొహం చూసి, "బాగా చెయ్యలేదన్నారా?" అంది.

"లోపలికి పద."

కూర్చున్నాక మంచినీళ్ళిచ్చింది. అతను సగం తాగి గ్లాసు పక్కన పెట్టాడు. గోడ వైపు చూస్తూ చెప్పాడు, ప్రింటు ఎక్కడ దొరికిందో, ఎన్నడుగులు పోయాయో, చిల్లులు ఎన్నో, అవి ఎవరివో. "వాళ్ళు కొయ్యలేదు. నేనే కోశాను. ఒకసారి కాదు, మూడుసార్లు. కోసి చెత్తలో పారేశాను. నిన్ను నా చేతుల్తో నేనే..."

చీకటి పడలేదు ఇంకా. కిటికీ లోంచి వచ్చిన వెలుతురు ఆవిడ సగం మొహం మీద పడుతోంది.

"ఏడడుగులు పోయాయన్నారా?" అంది.

"ఊఁ."

"తలుపు తెరుచుకున్న తర్వాతవే?"

"ఊఁ. నేను చెప్పాల్సింది ఇంకోటుంది..."

"అయితే ఉన్నానన్నమాట!" ఆవిడ లేచి నిలబడింది. "మీరు కోశారంటే ఉన్నట్టేగా! లేనిదాన్ని ఎలా కోస్తారు?" రెండు చేతులూ చెంపలకి ఆనించుకుంది. "అమ్మయ్య! నిన్నటి నుంచీ నా ప్రాణం ప్రాణంలో లేదండీ. తీసి పెట్టలేదేమో, పిచ్చిదాన్ని చేసి పంపించేశారేమోనని ఒకటే ఏడుపు లోపల్లోపల. మీ చెల్లెలన్నదే నిజమనుకున్నాను. పెట్టారు! పెట్టారు కాబట్టే పోయింది!"

"అది కాదే, నే చెప్పేది విను..."

"కోస్తే కోశారు, నేను మిమ్మల్నేం అననులెండి. ఎవరో కోసే బదులు మీరే కోశారు," అని నవ్వేసింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. అతను ఇంకో మాట అనేలోపే ఫోన్ తీసి ఆడపడుచుకి కలిపింది. నిలబడే మాట్లాడింది, గడగడా, మధ్యలో ఊపిరి తీసుకోవడం కూడా మరిచిపోయి. ఏడడుగులు, మూడు చిల్లులు, మీ అన్నయ్య, మీ అన్నయ్యే! ఆవిడ ఇంత గట్టిగా మాట్లాడటం అతను ఈ మధ్య వినలేదు.

"నమ్మకపోతే ఆయన్నే అడుగు," అని ఫోన్ అతని చేతిలో పెట్టింది.

"అన్నయ్యా," అంది చెల్లెలు. "నిజమేనా? నువ్వే కోశావా?"

"నేనే కోశానమ్మా."

"నీ నోటితో నువ్వు తప్పు ఒప్పుకోవడం పుట్టి బుద్ధెరిగాక ఇదే వినడం. అయితే నిజమే." ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. "ఇన్నేళ్ళూ వదినని ఎన్ని మాటలన్నాను! నర్సమ్మ, నర్సమ్మ అని... సిగ్గేస్తోంది నాకు. ఇంక చూసే యోగం ఎవరికీ లేదు, చూసినవాడివి నువ్వొక్కడివే మిగిలావు. ఎలా ఉండిందో నువ్వైనా చెప్పు అన్నయ్యా. మొదట్నుంచీ చెప్పు, వింటాను."

భార్య పక్కకి వచ్చి, ఫోనుకి ఇటువైపు నుంచి చెవి ఆనించింది. ఆవిడ జుట్టుకి వేసుకున్న రంగు వాసన వస్తోంది. "చెప్పండి," అంది మెల్లిగా. "నేనూ ఎప్పుడూ అడగలేదు. సిగ్గేసి."

ఆపరేటరు కళ్ళు మూసుకున్నాడు. తెర కనబడింది. కుడి పై మూల కనబడింది. ఎంత ప్రయత్నించినా కళ్ళు అక్కణ్ణుంచి కిందికి దిగలేదు.

"తలుపు తెరుచుకుంటుంది," అన్నాడు.

"ఊఁ," అంది చెల్లెలు. "తర్వాత?"